క్రూజ్‌కి సొంత వైన్ తీసుకెళ్తే నిజంగా ఎంత పడుతుంది? బెంగళూరు తెలుగువాళ్ల కోసం లెక్కలతో సహా

బెంగళూరు నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం, అక్కడి నుంచి మూడు నాలుగు రాత్రుల క్రూజ్. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఏ తెలుగు కుటుంబాన్ని కదిపినా ఇప్పుడు ఈ ప్లాన్ వినిపిస్తుంది. టికెట్ కొన్నాక ఓడలో డ్రింక్స్ ధరలు చూడగానే గుండె గుభేలుమంటుంది. అప్పుడొచ్చే ప్రశ్న ఒకటే: మన బాటిల్ మనం తీసుకెళ్లొచ్చా, తీసుకెళ్తే ఏమైనా మిగులుతుందా?

చాలా కంపెనీల ఓడల్లోకి వైన్ తీసుకెళ్లొచ్చు. మిగులు మాత్రం బాటిల్ ఎంత పెట్టి కొన్నారన్న దానికంటే, ఓడలో దాన్ని ఎక్కడ తెరుస్తారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మీ క్యాబిన్‌లో తెరిస్తే ఒక ఖర్చు, డైనింగ్ రూమ్‌లో తెరిస్తే ఇంకో ఖర్చు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

ఇక్కడ మాట్లాడేది వైన్, షాంపేన్ గురించే. విస్కీ, రమ్, వోడ్కా లాంటివి పెద్ద క్రూజ్ కంపెనీలు దాదాపు ఏవీ లోపలికి రానివ్వవు. వాటి గురించి ఆశ పెట్టుకోకండి.

1. ముందుగా మీ ఓడ ఏ కంపెనీదో చూసుకోండి

ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఒక ఓడ అనుభవంతో స్నేహితులు చెప్పిన మాట మీ ఓడకి పనికి రాకపోవచ్చు.

సింగపూర్ నుంచి మనవాళ్లు ఎక్కువగా ఎక్కే వాటిలో రాయల్ కరీబియన్ ఒకటి. మద్యం వయసు దాటిన ప్రతి ఒక్కరూ ఎక్కే రోజున ఒక్కో 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ బాటిల్ తెచ్చుకోవచ్చు. ఆసియా నుంచి బయల్దేరే ఓడల్లో ఆ వయసు 18. క్యాబిన్‌లో తాగితే రుసుమేమీ లేదు. డైనింగ్ రూమ్‌లోగాని, నలుగురూ తిరిగే ఇంకే చోటగాని తాగితే బాటిల్‌కి 15 డాలర్ల కార్కేజ్. కార్కేజ్ అంటే మనం తెచ్చుకున్న బాటిల్‌ని వాళ్లు తెరిచి, గ్లాసులు పెట్టి వడ్డించినందుకు తీసుకునే రుసుము. కార్నివాల్ పద్ధతి కూడా దాదాపు ఇదే: పెద్దవాళ్లకి తలా ఒక బాటిల్, డైనింగ్ రూమ్‌లో తాగితే 15 డాలర్లు.

నార్వీజియన్ దారి వేరు. ఎన్ని బాటిళ్లయినా తెచ్చుకోండి అంటుంది, కానీ మొదటి బాటిల్ నుంచే డబ్బు తీసుకుంటుంది. 750 మిల్లీలీటర్లకి 15 డాలర్లు, లీటరున్నర బాటిల్‌కి 30. క్యాబిన్‌లో తాగినా అంతే, టేబుల్ దగ్గర తాగినా అంతే.

ప్రిన్సెస్, హాలండ్ అమెరికాలది మధ్యే మార్గం. తలా ఒక బాటిల్ క్యాబిన్‌లో ఉచితం, అంతకు మించి తెచ్చిన ప్రతి బాటిల్‌కీ 20 డాలర్ల చొప్పున కట్టాలి. డిస్నీ ఓడల్లో పెద్దవాళ్లకి తలా రెండు బాటిళ్ల వైన్ లేదా ఆరు బీర్లు, మధ్యలో ఆగే పోర్టుల్లోనూ మళ్లీ అంతే తెచ్చుకునే వీలుంది. వాళ్ల కార్కేజ్ మాత్రం 25 డాలర్ల పైనే. వైకింగ్‌లో సొంత వైన్‌కి కార్కేజే లేదు. అయితే ఆ టికెట్ ధరలో అలాంటివి పది బాటిళ్లు కొనేయొచ్చు, అది వేరే సంగతి.

ఎమ్మెస్సీ (MSC) అనే క్రూజ్ కంపెనీ ఓడల్లోకి బయటి మద్యం తీసుకెళ్లడం కుదరదు. దుబాయ్ నుంచి క్రూజ్ ఎక్కే ఆలోచన ఉంటే ముందు ఇది చూసుకోండి. మన దేశంలో తిరిగే కార్డీలియా కూడా బయటి తిండినీ మద్యాన్నీ రానివ్వదు. 2022 జూన్‌లో ఆ ఓడ చెన్నై నుంచి విశాఖకి మొదలుపెట్టినప్పటి నుంచి బెంగళూరు తెలుగువాళ్లకి దానిమీద మోజు పెరిగింది. చెన్నై దాకా బాటిల్ మోసుకెళ్లి పోర్టులో వదిలేసి రావడం తప్ప లాభం ఉండదు.

ఈ రుసుములు ఏటా కొంత అటూ ఇటూ అవుతుంటాయి. బయల్దేరే వారం ముందు ఆ కంపెనీ సైట్‌లో ఆల్కహాల్ పాలసీ పేజీ తెరిచి, మీ ఓడకీ మీ పోర్టుకీ వర్తించే పేరా చదివి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ట్రావెల్ ఏజెంట్ "ఏం ఫర్వాలేదు సార్, అందరూ తీసుకెళ్తారు" అంటే దాన్ని పాలసీ అనుకోవద్దు.

2. లెక్క వేసుకోండి

డాలర్‌కి 90 రూపాయలు అనుకుందాం. మీరు వెళ్లే నాటి రేటుతో మార్చుకోండి.

ఓడలో ఒక గ్లాసు వైన్ 13 డాలర్లు అనుకుంటే, దానిమీద 18 శాతం టిప్పు వాళ్లే కలిపేస్తారు. 15.34 డాలర్లు, అంటే దాదాపు 1,380 రూపాయలు. ఒక బాటిల్‌లో 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వస్తాయి. గ్లాసులుగా ఐదు తాగితే 6,900 రూపాయలు. అదే ఓడలో 45 డాలర్ల బాటిల్ కొంటే టిప్పుతో 53.10 డాలర్లు, అంటే సుమారు 4,780. ఇద్దరూ తాగేటప్పుడు గ్లాసు గ్లాసుగా ఆర్డర్ చేయడం కంటే బాటిల్ కొనడమే నయమని ఇక్కడే తేలిపోయింది.

ఇప్పుడు సొంత బాటిల్. బెంగళూరులో 1,200 రూపాయలకి ఒకటి కొన్నారనుకోండి. క్యాబిన్ బాల్కనీలో కూర్చుని తాగితే ఖర్చు ఆ 1,200 మాత్రమే. డైనింగ్ రూమ్‌కి తీసుకెళ్తే కార్కేజ్ 1,350 కలిసి 2,550.

దీనిమీద ఇంకో చిన్న చిల్లు ఉంటుంది, అదే క్రెడిట్ కార్డు. చాలా కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్ వేస్తాయి, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 4.13 శాతం. కార్కేజ్ మీద ఇది 56 రూపాయలే, పట్టించుకోనక్కర్లేదు. కానీ ఓడ బిల్లంతా అదే కార్డు మీద పడుతుంది కాబట్టి, మార్కప్ లేని కార్డుగాని ఫారెక్స్ కార్డుగాని ఉంటే దాన్నే ఓడలోని మీ ఖాతాకి జోడించండి. స్వైప్ చేసేటప్పుడు రూపాయల్లో తీసుకోమంటారా అని మెషీన్ అడిగితే వద్దనండి. ఆ మార్పిడి రేటు ఎప్పుడూ మనకి నష్టమే.

భార్యాభర్తలిద్దరు, నాలుగు రాత్రులు, రెండు బాటిళ్లు. ఒకటి క్యాబిన్‌లో, ఒకటి డిన్నర్ టేబుల్ మీద. సొంతవి తీసుకెళ్తే కార్డు మార్కప్‌తో కలిపి 3,800 రూపాయలు. ఓడలో కొంటే 9,950. మిగులు ఆరు వేల పైచిలుకు. ఇదేమీ చిన్న మొత్తం కాదు, అలాగని క్రూజ్ ఖర్చునే మార్చేసేంత పెద్దదీ కాదు. ఆ ఆరు వేల కోసం టెన్షన్ పడుతూ తిరగాల్సి వస్తుందనుకుంటే హాయిగా ఓడలోనే కొనుక్కోండి.

ఈ లెక్కలోంచి వచ్చే అసలు సలహా ఏమిటంటే, చౌక బాటిల్‌ని క్యాబిన్‌లో తాగండి, మంచి బాటిల్‌ని టేబుల్‌కి తీసుకెళ్లండి. కార్కేజ్ బాటిల్ ధరను బట్టి మారదు. ఐదు వందల బాటిల్‌కీ 1,350, మూడు వేల బాటిల్‌కీ 1,350. ఐదు వందల వైన్‌కి అంతకు రెండింతలు పైగా కార్కేజ్ కట్టి వడ్డించుకోవడంలో అర్థం లేదు. ఓడలో దొరికే 53 డాలర్ల బాటిల్‌తో పోల్చితే, కార్కేజ్ పోను మీ చేతిలో 38 డాలర్లు, అంటే 3,400 రూపాయలు ఉన్నట్టు. ఆ లోపు ధరలో మంచి బాటిల్ బెంగళూరులో దొరికితే అదే టేబుల్‌కి తగినది.

డ్రింక్స్ ప్యాకేజీ కొన్నవాళ్లకి ఈ గొడవే లేదు. కానీ రాయల్ కరీబియన్‌లో ఒకే క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే మిగతావాళ్లూ కొనాలన్న నియమం ఉంది. భర్త తాగుతాడు, భార్య ముట్టదు అన్న ఇళ్లలో, లేదా దానికి తారుమారుగా ఉన్న ఇళ్లలోనూ, ఆ ప్యాకేజీ సగం వృథా. సొంత బాటిల్ బాగా కలిసొచ్చేది అలాంటివాళ్లకే.

అమ్మానాన్నల్ని, అత్తమామల్ని కూడా వెంట తీసుకెళ్తుంటే వాళ్ల పేరునా తలా ఒక బాటిల్ కోటా ఉంటుంది. "మామయ్యగారూ, మీ సంచిలో ఓ బాటిల్ పెట్టనా?" అని అడగగలరా లేదా అన్నది మీ ఇంటి సంగతి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ బాటిల్ నిజంగా వాళ్ల చేతి సంచిలో, వాళ్ల దగ్గరే ఉండాలి. నాలుగూ ఒకరే మోస్తే గేటు దగ్గర ప్రశ్నలు వస్తాయి.

3. బాటిల్ ఎక్కడ కొనాలి

మూడు చోట్లు ఉన్నాయి: బెంగళూరు దుకాణం, బెంగళూరు ఎయిర్‌పోర్టు డ్యూటీఫ్రీ, సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగీలో దిగాక డ్యూటీఫ్రీ. ఏది మంచిదన్నది మీ విమానం టికెట్ తేలుస్తుంది.

చెక్-ఇన్ బ్యాగు టికెట్‌లో కలిసి ఉంటే బెంగళూరులోనే కొనండి. మన పక్కనే మంచి వైన్ తయారవుతోంది కాబట్టి ఎంపికకి కొదవలేదు. నంది హిల్స్ దగ్గర గ్రోవర్ ద్రాక్షతోటలు 1988లో మొదలయ్యాయి. వాళ్ల లా రిజర్వ్ రెడ్ తయారీకి ఫ్రాన్స్ నుంచి మిషెల్ రోలాన్ సలహాలిచ్చాడు. మనవాళ్లు చెప్పుకోదగ్గది క్రిస్మా. హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి దగ్గరి కొండల్లో ద్రాక్ష వేసి ఈ వైన్ తీస్తున్నారు. కాస్త ధర ఎక్కువే, అందుకే టేబుల్‌కి తీసుకెళ్లడానికి సరిపోతుంది. క్యాబిన్ కోసం సూలా లాంటి మామూలు రకం చాలు.

వీధి చివరి ఎమ్మార్పీ షాపులో వైన్ ఎండలో అలమరా పైన నిలబడి ఉంటుంది. వాళ్లకి అమ్ముడుపోయేది విస్కీ, బీరు. అందుకే కాస్త దూరమైనా మధులోక, టానిక్ లాంటి పెద్ద దుకాణాల్లో ఏసీలో పెట్టినవి కొనడం మేలు. అక్టోబర్ 2, ఎన్నికల రోజుల లాంటి డ్రై డేలు చూసుకుని రెండు మూడు రోజుల ముందే కొనిపెట్టుకోండి. బిల్లు పారేయకండి.

కొనేటప్పుడు మూత చూడండి. మన దేశపు వైన్లలో చాలావాటికి తిప్పే మూతే ఉంటుంది. ప్రయాణానికి అదే హాయి. బిరడా ఉన్న బాటిల్ కొంటే కార్క్ స్క్రూ కావాలి, దాన్ని విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు. సైజు కచ్చితంగా 750 మిల్లీలీటర్లే ఉండాలి, సీలు కదలకుండా ఉండాలి. డబ్బా వైన్, లీటరు పైన ఉన్న పెద్ద బాటిళ్లు వద్దు.

అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి మీతో కలిసి వచ్చే బంధువులుంటే ఒక మాట చెప్పండి. వాళ్ల ఊళ్లో కొని మోసుకు రావద్దు, క్రూజ్ అయ్యాక మిగిలిన బెంగళూరు బాటిల్‌ని కారులో ఊరికీ పట్టుకెళ్లొద్దు. పక్క రాష్ట్రం లేబుల్ ఉన్న సీసా సరిహద్దు చెక్‌పోస్టులో దొరికితే ఎక్సైజ్ కేసు దాకా పోతుంది.

చౌక టికెట్‌లో చెక్-ఇన్ బ్యాగు లేకపోతే రెండు బాటిళ్ల కోసం బ్యాగు కొనకండి. మిగులు అంతా అక్కడే ఆవిరైపోతుంది. రెండు బాటిళ్లంటే గాజుతో కలిపి రెండున్నర కిలోల పైనే. ఎయిర్‌పోర్టు డ్యూటీఫ్రీలో కొంటే వాళ్లు సీలు వేసిన పారదర్శక సంచిలో బిల్లుతో పాటు పెట్టి ఇస్తారు. నేరుగా సింగపూర్ వెళ్లే విమానమైతే ఇబ్బంది లేదు. కౌలాలంపూర్, కొలంబో మీదుగా మారేవాళ్లకి మధ్యలో మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది. సీలు కాస్త చిరిగినా అక్కడ తీసేస్తారు. కొలంబో మీదుగా వచ్చేవాళ్లు చాంగీలో లగేజీ తీసుకునే హాల్ దగ్గరున్న డ్యూటీఫ్రీలో కొనడం ఉత్తమం. కౌలాలంపూర్ మీదుగా వచ్చేవాళ్లు ముందు కింద ఐదో భాగంలో మలేసియా సంగతి చూడండి.

సింగపూర్ ఊళ్లో కొనొచ్చుగా అంటారా? కొనొచ్చు. కానీ అక్కడ పన్ను ఎక్కువ, పైగా రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా దుకాణాల్లో మద్యం అమ్మరు. రాత్రి దిగి పొద్దున్నే ఓడ ఎక్కేవాళ్లకి ఆ దారి మూసుకుపోయినట్టే.

4. విమానంలో

ఈ మొత్తం వ్యవహారంలో మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. విమానంలో బాటిల్ చెక్-ఇన్ లగేజీలో ఉండాలి. ఓడలోకి ఎక్కేటప్పుడు చేతి సంచిలో ఉండాలి. రెండూ సరిగ్గా ఎదురెదురు.

విమానం చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం కుదరదు, డ్యూటీఫ్రీ సీలు సంచి తప్ప. చెక్-ఇన్‌లో అయితే 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్న వాటికి మనిషికి 5 లీటర్ల పరిమితి ఉంది. వైన్‌లో 12 నుంచి 14 శాతమే కాబట్టి ఆ పరిమితి దానికి తగలదు. అయినా దిగాక కస్టమ్స్ ఉంటుంది కాబట్టి ఎక్కువ పెట్టుకోవద్దు.

ప్యాకింగ్ పెద్ద విద్యేమీ కాదు. బాటిల్‌ని ముందు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాన్ని లావు తువ్వాలులో చుట్టి, సూట్‌కేస్ మధ్యలో బట్టల నడుమ పడుకోబెట్టండి. అంచుల దగ్గర, చక్రాల పక్కన వద్దు. రెండు బాటిళ్లు ఒకదానికొకటి తగలకూడదు. తెల్ల పట్టుచీర ఉన్న పెట్టెలో రెడ్ వైన్ పెట్టకండి. దీనికి కారణం చెప్పనక్కర్లేదు.

5. సింగపూర్‌లో దిగాక

18 ఏళ్లు నిండినవాళ్లకి, అంతకుముందు 48 గంటలకి తగ్గకుండా సింగపూర్ బయట ఉన్నవాళ్లకి మొత్తం 2 లీటర్ల దాకా పన్ను మినహాయింపు ఉంది. రెండు లీటర్లూ వైనే కావచ్చు, లేదా ఒక లీటరు స్పిరిట్, ఒక లీటరు వైన్ ఇలా కలిపీ కావచ్చు. 750 మిల్లీలీటర్ల బాటిళ్లు రెండంటే లీటరున్నర. నిశ్చింతగా గ్రీన్ చానెల్లో నడిచిపోవచ్చు. మూడోది పెడితే 2.25 లీటర్లు అవుతుంది, అప్పుడు రెడ్ చానెల్‌కి వెళ్లి చెప్పి పన్ను కట్టాలి.

ఈ మినహాయింపు మలేసియా నుంచి వచ్చేవాళ్లకి లేదు. బెంగళూరు నుంచి నేరుగా వస్తే మీకు ఇబ్బంది లేదు. ముందు కౌలాలంపూర్‌లో రెండు రోజులు తిరిగి అక్కడి నుంచి సింగపూర్ వచ్చేలా ప్లాన్ ఉంటే మాత్రం ఒక్క బాటిల్‌కీ పన్ను పడుతుంది. అక్కడి సుంకం స్వచ్ఛమైన ఆల్కహాల్ లీటరుకి 88 సింగపూర్ డాలర్లు. 13 శాతం వైన్ 750 మిల్లీలీటర్లంటే అందులో ఆల్కహాల్ 97.5 మిల్లీలీటర్లు, సుంకం 8.58 సింగపూర్ డాలర్లు, పైన 9 శాతం జీఎస్టీ. చెప్పి కడితే భరించగలిగేదే. దాచి దొరికితే జరిమానా కట్టాలి.

6. ఓడ ఎక్కే రోజు

హోటల్ వదిలే ముందే బాటిళ్లని సూట్‌కేస్ లోంచి తీసి చేతి సంచిలోకి మార్చండి. మెరీనా బే క్రూజ్ సెంటర్ దగ్గర దిగగానే కూలీలు పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు, మళ్లీ అవి మీ కంటికి కనిపించేది క్యాబిన్ ముందే. అప్పటికి గుర్తొస్తే ఆలస్యమైపోయినట్టే. పెట్టెలో బాటిల్ ఉన్నట్టు ఎక్స్‌రేలో కనిపిస్తే ఆ పెట్టె క్యాబిన్‌కి రాదు, సెక్యూరిటీ గదికి వెళ్లి అందరి ముందూ తెరిచి చూపించాలి. పిల్లల బట్టలు, బీపీ మాత్రలు అన్నీ అందులోనే ఉంటే ఆ సాయంత్రం పాడైనట్టే.

చేతి సంచి ఎక్స్‌రేలోకి వెళ్లే ముందే "ఇందులో వైన్ ఉంది" అని చెప్పేయండి. కోటాలోపు ఉంటే చూసి వదిలేస్తారు. నార్వీజియన్ లాంటి చోట అక్కడే టేబుల్ వేసుకుని కూర్చుని కార్కేజ్ మీ ఖాతాలో రాసి బాటిల్‌కి చీటీ అంటిస్తారు.

మౌత్‌వాష్ సీసాలో రంగు కలిపిన వోడ్కా, నీళ్ల బాటిల్లో జిన్, బెల్టు కింద ప్లాస్టిక్ సంచి. ఈ ఉపాయాలన్నీ ఓడ సెక్యూరిటీవాళ్లు ఎప్పుడో చూసేశారు. దొరికితే పారబోస్తారు, మరీ శృతి మించితే ఓడ ఎక్కనివ్వకపోవచ్చు కూడా. కుటుంబం మొత్తం టికెట్ల విలువ ముందు అది పిచ్చి పని.

7. ఓడలో తాగడం

క్యాబిన్‌లో ఉన్న చిన్న ఫ్రిజ్ చల్లబరుస్తుంది అనుకోవద్దు, చాలా ఓడల్లో అది గోరువెచ్చదనాన్ని కాస్త తగ్గిస్తుంది, అంతే. వైట్ వైన్, షాంపేన్ తెచ్చుకుంటే మీ గది చూసుకునే స్టివార్డ్‌ని ఐసు బకెట్ అడగండి. గ్లాసులూ, కార్క్ స్క్రూ కూడా ఆయనే తెచ్చిస్తాడు. వీటికి డబ్బు అడగరు.

డైనింగ్ రూమ్‌కి తీసుకెళ్తే వెయిటర్ కార్కేజ్ మీ ఓడ ఖాతాలో రాస్తాడు. బాటిల్ మొత్తం ఆ పూటే అవగొట్టాలని లేదు. మిగిలింది మీ క్యాబిన్ నంబర్ రాసి వాళ్లే ఉంచి మర్నాడు సాయంత్రం టేబుల్ దగ్గరకి తెస్తారు. ఒక్కసారి కట్టిన 15 డాలర్లతో ఇలా రెండు డిన్నర్లు గడిచిపోతాయి. ఇద్దరికీ రాత్రికి ఒక గ్లాసు కంటే ఎక్కువ పట్టదనుకునేవాళ్లకి ఇది భలే కలిసొస్తుంది.

క్యాబిన్‌లో గ్లాసు నింపుకుని చేతిలో పట్టుకుని డైనింగ్ రూమ్‌కి నడిచి వెళ్లొచ్చా అని కొందరు అడుగుతారు. చాలామంది వెళ్తుంటారు, సిబ్బంది చూసీ చూడనట్టు ఉంటారు. కానీ నియమం ప్రకారం బయట తాగితే కార్కేజే. అడిగితే కట్టేయండి, వాదనకి దిగకండి. ఆ వెయిటర్ తప్పేమీ లేదు.

భోజనం గురించి ఒక పక్కమాట. ఓడలో ఇండియన్ మెనూ అడిగితే పెడతారు, కానీ కారం మన నాలుకకి సరిపోదని చాలామంది ఇంటి నుంచి పొడులు తెచ్చుకుంటారు. కారప్పొడి అన్నం పక్కన ఘాటైన రెడ్ వైన్ నోట్లో మంట పెంచుతుంది. కొంచెం తీపి ఉన్న వైట్ గాని, నురగొచ్చే రకం గాని మన తిండికి బాగా కుదురుతుంది. ఒకే బాటిల్ కోటా ఉంటే నేనైతే అదే తీసుకెళ్లమంటాను.

8. మధ్యలో ఆగే పోర్టుల్లో కొంటే

పెనాంగ్, ఫుకెట్‌లలో దిగి కొన్న బాటిల్‌ని ఓడలోకి తిరిగి ఎక్కేటప్పుడు గేటు దగ్గరే తీసుకుని రసీదు ఇస్తారు. చివరి రాత్రి గాని దిగే రోజు గాని తిరిగి ఇస్తారు. ఓడ దుకాణంలో కొన్నవీ అంతే. అంటే అవి ఇంటికి తీసుకెళ్లడానికే తప్ప ఓడలో తాగడానికి కాదు. డిస్నీ లాంటి ఒకటి రెండు కంపెనీలే దీనికి మినహాయింపు. మలేసియా దీవి లంకావిలో సుంకం లేదు కదా అని సంబరపడి కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

ఇంకో మెలిక ఉంది. సింగపూర్‌కి తిరిగి వచ్చే ముందు మీ ఓడ ఆఖరున ఆగింది ఏ దేశంలోనో చూడండి. ఫుకెట్ అయితే, 48 గంటలు బయట ఉన్నారు కాబట్టి 2 లీటర్ల మినహాయింపు వర్తిస్తుంది. పెనాంగ్ గాని పోర్ట్ క్లాంగ్ గాని అయితే మీరు మలేసియా నుంచి వచ్చినట్టే లెక్క, మినహాయింపు లేదు.

9. అలాస్కా వెళ్లేవాళ్లకి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకి వెళ్లి, వాళ్లతో కలిసి సియాటెల్ నుంచి అలాస్కా క్రూజ్ ఎక్కే తల్లిదండ్రులు బెంగళూరులో చాలామందే ఉన్నారు. మీరు ఇక్కడి నుంచి బాటిల్ మోసుకెళ్లొద్దు. అమెరికా కస్టమ్స్‌లో 21 ఏళ్లు దాటినవాళ్లకి ఒక లీటరే మినహాయింపు, పైగా అక్కడ సరుకుల దుకాణంలోనే పన్నెండు డాలర్లకి మంచి వైన్ దొరుకుతుంది. పిల్లలే కొని పెడతారు.

ఏడు రాత్రుల ప్రయాణం కాబట్టి కంపెనీ ఎంపికతో లెక్క మారుతుంది. ఇద్దరు పెద్దవాళ్లు నాలుగు బాటిళ్లు తెచ్చుకోవాలనుకుంటే, నార్వీజియన్‌లో వైన్‌కి 48, కార్కేజ్‌కి 60, మొత్తం 108 డాలర్లు. ప్రిన్సెస్‌లో రెండు ఉచితం, మిగతా రెండింటికి 40, మొత్తం 88. అయితే ఆ ఉచితమైన రెండూ క్యాబిన్‌లోనే తాగాలి, టేబుల్‌కి తెస్తే వాటికీ రుసుమే. ఆరు ఏడు బాటిళ్లు కావాలంటే రెండింట్లోనూ ఖర్చు గట్టిగానే పడుతుంది. ఓడలో అవే ఏడు కొంటే మాత్రం దానికి దాదాపు రెండింతలు అవుతుంది.

10. దిగే ముందు

చివరి రాత్రి యాప్‌లో గాని గెస్ట్ సర్వీసెస్ దగ్గర గాని మీ ఖాతా తెరిచి చూడండి. ఒకే బాటిల్‌కి రెండు రాత్రులు రెండుసార్లు కార్కేజ్ పడిందేమో, క్యాబిన్‌లో తాగినదానికీ వేశారేమో చూసుకోండి. ఓడలో ఉండగా అడిగితే అప్పటికప్పుడు సరిచేస్తారు. ఇంటికొచ్చాక మెయిళ్లు పెట్టుకుంటూ కూర్చోవాలంటే విసుగొస్తుంది.

తిరిగి బెంగళూరులో దిగేటప్పుడు మనిషికి 2 లీటర్ల వైన్ గాని మద్యం గాని సుంకం లేకుండా తేవచ్చు. 750 బాటిళ్లు రెండు సరిపోతాయి, లీటరు బాటిళ్లు కూడా రెండు. పిల్లల పాస్‌పోర్టు మీద అదనంగా తెస్తామంటే ఒప్పుకోరు. దానికి మించితే రెడ్ చానెల్‌కే వెళ్లండి, సుంకం బాటిల్ ధరను దాటిపోతుంది. పోర్టులో కొన్న బాటిళ్ల రసీదులు, ఓడవాళ్లు ఇచ్చిన చీటీలు అన్నీ పాస్‌పోర్టు కవర్లోనే పెట్టుకుంటే వెతుక్కోనక్కర్లేదు.